కాఫీయు, నీరును, ఒక నీలాపనిందయు



గతమాసమున ఊరగాయ జాడీలను గూర్చి మేము వ్రాసిన మాటలు చదివి యొక సోదరి మాకు జాబు వ్రాసినది. "మా యింట కాఫీ కుదురుట లేదు. ఇత్తడి ఫిల్టరు కొనవలెనా, స్టీలుది కొనవలెనా, లేక విద్యుత్తుతో నడచు యంత్రమును తెప్పించుకొనవలెనా? మా అత్తగారు నా చేతిలోనే రుచి లేదనుచున్నారు" అని యామె యడిగినది.

ఆ జాబులోని కడపటి మాట మా మనస్సును గ్రుచ్చినది. ఏలయన, దోషమొకచోట నుండగా నింద వేరొకచోట పడుట మా యింటను జరిగినది. ఆ నింద వేసినవారము మేమే. కావున ఫిల్టరు సంగతి పిదప చెప్పెదము. మొదట నీటి సంగతి వినుడు.

నాలుగేండ్ల క్రిందటివరకు మేము కోనసీమలో నుంటిమి. గోదావరి కాలువనీటిని వడగట్టి యిచ్చు కొళాయి మా వీథిలో నుండెను. ఆ నీటితో పండ్రెండేండ్లు కాఫీ కాచితిమి. మా యింటి కాఫీ బాగుండునని చుట్టపక్కాలు చెప్పుకొనుట విని కొంత గర్వమును పొందితిమి. ఆ గొప్ప మా చేతిదే యనుకొంటిమి గాని, అందు గోదావరికిని పాలు కలదని యెరుగమైతిమి.

పిదప మావారికి పల్నాటిసీమలో నొక పాఠశాలయందు పని కుదిరినందున, జ్యేష్ఠమాసమున సంసారమును తరలించితిమి. పల్నాడు సున్నపురాతి నేల. సున్నపు బట్టీలకు పేరుపడిన పిడుగురాళ్ళ అచ్చటిదే. మా క్రొత్త యింట బోరుబావి నీరు సమృద్ధిగా నుండెను. చూచుటకు అద్దమువలె తేటగా నుండెను. ఆ తేటదనమును చూచియే మేము మోసపోయితిమి.

మొదటినాడు కాచిన కాఫీని మావారు రెండు గ్రుక్కలు త్రాగి, "ప్రయాణపు బడలికవలన నా నాలుక చెడినట్లున్నది" అని గ్లాసు క్రింద పెట్టిరి. అది వారి మర్యాద. వారము గడచినను ఆ నాలుక బాగుపడలేదు. డికాక్షను నల్లగానే దిగుచుండెను. కాని త్రాగి చూడగా సుద్ద కలిపినట్లు చప్పగా నుండి, తుదకు చేదు మాత్రము మిగులుచుండెను.

మేము మొదట పొడిని శంకించితిమి. ఊరి యంగడిలో కొన్న పొడి గనుక చికోరి మితిమీరి కలిసినదేమో యని, గ్లాసెడు నీటిపై చిటికెడు పొడి చల్లి చూచితిమి. ఇది మీరును చేయదగిన పరీక్ష. కాఫీపొడి నీటిపై తేలును. చికోరి గోధుమరంగు చారలు విడుచుచు మునిగిపోవును. చికోరి కలుపుట తప్పుగాదు. కాని చట్టప్రకారము కాఫీ చికోరి మిశ్రమమున కాఫీ నూటికి 51 పాళ్ళకు తగ్గరాదు, చికోరి యెంతయో పొట్లముపై వ్రాసి తీరవలెను. మా పొడిలో దోషమేమియు కానరాలేదు. అంగడివానిని మేమేమియు ననలేదు.

తరువాత మా కన్ను పాలమీద పడినది. మాకు వాడుకగా పాలు పోయునామె రెండు గేదెలను పెట్టుకొని, నాలుగైదిండ్లకు పాలు పోసి, ఆ రాబడితో పిల్లలను చదివించుకొనుచుండెను. ఒకనాటి ఉదయమున, ఇరుగుపొరుగు గృహిణులిద్దరు వాకిట నుండగా, "ఏమమ్మా, నీ పాలలో పాలెన్ని, నీళ్ళెన్ని? మా యింట కాఫీ నోట పెట్టరాకున్నది" అని మేమంటిమి. ఆమె ముఖము చిన్నబోయినది. "నా బిడ్డల మీద ఒట్టు అమ్మగారూ, చుక్క నీళ్ళు కలపలేదు" అని మాత్రము చెప్పి వెడలిపోయినది. మరునాటినుండి మా యింటికి రాలేదు. వారము తిరుగకముందే, ఆనాడు వాకిట నున్న ఆ రెండిండ్లవారును ఆమె వద్ద వాడుక మానిరి.

సోదరీమణులారా, ఇచ్చట మా తప్పును దాచక చెప్పవలెను. అంగడివాని పొడిని పరీక్షించిన పిదపనే నోరు విప్పదలచితిమి. పాలామె విషయమున నోరు ముందు విప్పితిమి. పరీక్ష యూసే లేదు. నున్నని పళ్ళెమును వాలుగా పట్టి పాలచుక్క నొకటి విడిచిన, మంచిపాలు తెల్లని జాడ విడుచుచు మెల్లగా జారును. నీరు కలిసినవి జాడ లేక జారిపోవును. ఇంత సులువైన పరీక్ష యుండియు మేము చేయలేదు. అంగడివాడు నలుగురిలో పలుకుబడి గలవాడు. ఆమె మన గుమ్మమునొద్ద నిలుచునది. ఈ భేదమే మాచేత అట్లు చేయించినదని యిప్పుడు తోచుచున్నది.

పాలు మార్చినను కాఫీ మారలేదు. ఇంతలో కందిపప్పును రెండు గంటలు కాచినను బద్దలు బద్దలుగనే యుండుట చూచి మేము విసుగుకొనుచుండగా, పొరుగింటి ముసలమ్మ నవ్వి, "ఈ బోరు నీళ్ళకి పప్పే ఉడకదు, నీ కాఫీ ఎట్టా కుదురుద్దమ్మా?" అన్నది. మేము పుస్తకములు చదువుకొన్నవారము. మా తండ్రిగారు చిన్ననాట మాకు చెప్పిన సుశ్రుతసంహితలో నీటికి ప్రత్యేకముగ నొక భాగమే కలదు. ఆకాశమునుండి పడు నీటిని, నదినీటిని, చెరువునీటిని, బావినీటిని వేరువేరుగా నెంచి గుణములు చెప్పిరి. అది యంతయు చదివియు, వంటింటి బిందెవద్ద మాకు స్ఫురింపలేదు. అక్షరము రాని ముసలమ్మ యొక్కమాటలో తేల్చినది.

శ్రావణమాసమున మంచి వాన కురిసినది. మొదటి వానకు డాబా కడుగుకొనిపోనిచ్చి, పిదప ఆరుబయట పెట్టిన గిన్నెలలో వాననీరు పట్టి, బాగుగా కాచి, అదే పొడితో, అదే ఫిల్టరుతో డికాక్షను దింపితిమి. ఆ కాఫీ త్రాగి మావారు మాటలాడక గ్లాసు మరల ముందుకు జరిపిరి. కోనసీమ కాఫీ మా యింటికి తిరిగి వచ్చినది!

అప్పుడు సబ్బు పరీక్ష చేసితిమి. రెండు సీసాలలో వాననీటిని, బోరునీటిని సమముగా పోసి, సబ్బు కరిగించిన నీటిని కొన్ని చుక్కలేసి కుదిపితిమి. వాననీట నురుగు నిండుగా లేచినది. బోరునీట నురుగు లేక, విరిగిన పాలవంటి తెట్టు కట్టినది. ఇందులకు బట్టల పొడులు పనికిరావు, అసలైన సబ్బే కావలెను. మావారు పాఠశాలనుండి కలమువంటి చిన్న యంత్రమును తెచ్చి ముంచి చూచిరి. దానిని టీ.డీ.ఎస్. మీటరందురు. నీటిలో కరిగిన లవణముల మొత్తమును అది అంకెలలో చూపును. బోరునీట 900కు పైగాను, వాననీట 30కి లోపుగాను చూపినది.

ఇక కారణము. కాఫీగింజలో సహజముగ కొన్ని ఆమ్లములు గలవు. కాఫీ నోట పడగానే నాలుకను మేల్కొలుపు చురుకుదనము వానివలననే కలుగును. సున్నపురాతి నేలలనుండి ఊరిన నీట బైకార్బనేటులను క్షారగుణము గల పదార్థములు కరిగియుండును. అవి ఆ ఆమ్లములను విరిచివేయును. చురుకు పోయి చేదు మిగులును. నీటి యందలి కాల్షియము, మెగ్నీషియములవలననే నీటికి కాఠిన్యము గలుగును. పప్పు ఉడకనీయని దోషము వీనిదే.

అట్లని లవణములు బొత్తిగా లేని నీరే శ్రేష్ఠమని తలపకుడు. 2014లో ఇంగ్లాండులోని బాత్ నగరమున క్రిస్టొఫర్ హెండన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు, కాఫీశాల నడపు మాక్స్‌వెల్ కొలొన్నా డాష్‌వుడ్ మున్నగువారితో కలసి నొక పరిశోధనవ్యాసమును ప్రకటించెను. కాల్షియము, మెగ్నీషియములు కొంతయున్నచో కాఫీలోని రుచినిచ్చు పదార్థములను నీటిలోనికి లాగుటకు తోడ్పడునని, వానిలో మెగ్నీషియము మేలైనదని వారు లెక్కలు గట్టి చూపిరి. స్పెషాల్టీ కాఫీ అసోసియేషను అను విదేశపు సంఘము, లీటరు నీట లవణములన్నియు కలిపి 150 మిల్లీగ్రాముల యొద్ద, క్షారగుణము 40 మిల్లీగ్రాముల యొద్ద నుండుట మంచిదని చెప్పినది. ఈ కొలతలు ముఖ్యముగా పాలు కలపని కాఫీకి ఏర్పడినవి. మన చిక్కని డికాక్షనునకు అక్షరాల సరిపడనక్కరలేదు. దారి చూపుటకు మాత్రము చాలును. మన దేశపు ప్రమాణములలో త్రాగునీటి కాఠిన్యము లీటరునకు 200 మిల్లీగ్రాములవరకు మంచిదనియు, వేరు గతి లేనిచోట 600 వరకు ఒప్పవచ్చుననియు గలదు. అనగా, త్రాగుటకు తగిన నీరెల్ల కాఫీకి తగిన నీరు కాదు.

ఏ నీటికి ఏమి చేయవలెనో యిపుడు చెప్పెదము.

బోరునీరు, బావినీరు గలవారు ముందురాత్రి పది నిమిషములు తెర్ల కాచి, మూతపెట్టి కదలింపక యుంచవలెను. బైకార్బనేటులవలన గలిగిన కాఠిన్యము కాచుటతో తెల్లని పొడియై యడుగున పేరుకొనును. తెల్లవారి పైతేటను మాత్రము వంచుకొని, గుడ్డతో వడగట్టి, కాఫీకి వాడవలెను. మా యింట నిత్యము చేయునది యిదియే. కొన్ని నీళ్ళలోని కాఠిన్యము వేరువిధమైనది. అది కాచినను పోదు. కాచిన పిదపను అడుగున తెలుపు కట్టక, సబ్బు నురుగు లేవకున్నచో మీ నీరట్టిదని తెలిసికొనుడు. అప్పుడు వేరు నీటిని కలుపుకొనుటయే గతి.

కొళాయినీట క్లోరిను వాసన యున్నచో డికాక్షనునకు ఆ వాసన పట్టును. వెడల్పు గిన్నెలో పలుచని గుడ్డ కప్పి రాత్రియంతయు నుంచినను, మూతలేక కొంతసేపు కాచినను ఆ వాసన చాలవరకు పోవును.

ఆర్. ఓ. యంత్రపు నీరు, ఇరువది లీటర్ల డబ్బాలనీరు వాడువారికి వేరొక చిక్కు. అందు లవణములు మరీ తక్కువైనచో కాఫీ పలుచనై, పుల్లదనము తేలును. మూడు పాళ్ళు ఆ నీరు, ఒకపాలు కాచి తేర్చిన యింటినీరు కలిపి చూచి, మీ నాలుకకు దగినట్లు హెచ్చుతగ్గులు చేసికొనుడు. ఉప్పు వేసి నడపు మెత్తపరచు యంత్రములు కాల్షియమును తీసి సోడియమును చేర్చును. వానివలన స్నానమునకు, బట్టలకు సుఖమే గాని కాఫీకి మేలు లేదు; క్షారగుణము నీటిలో నట్లే యుండును.

చిల్లగింజ అరగదీసి కలుపు పూర్వాచారము బురదనీటిని తేర్చుటకు మంచిదే, కాఠిన్యమును పోగొట్టదు. మరియొక హెచ్చరిక. ఫ్లోరైడు గల ప్రాంతములవారు కాఫీరుచి బాగుపడినదని నీరు బాగుపడినదనుకొనరాదు. 1937లో నాటి నెల్లూరు జిల్లాలోని పల్లెల ప్రజల ఎముకల వ్యాధికి నీటియందలి ఫ్లోరైడే కారణమని వైద్యులు ప్రకటించిరి; నల్లగొండ బాధ అందరెరిగినదే. కాచుటవలన ఫ్లోరైడు పోదు సరిగదా, ఆవిరి పోయినకొలది చిక్కనగును. మీటరులోని అంకెయు దానిని వేరుగా చూపదు. అట్టి నీటిని పరీక్షాశాలకు పంపి తెలిసికొనవలసినదే.

ఇక పరికరములు. ఇత్తడియా, స్టీలా యన్న ప్రశ్నకు మా సమాధానము: మీ యింట నేది యున్న నదియే వాడుడు. బరువైన ఇత్తడిది వేడిని కొంతసేపు నిలుపును. కాని లోపల కళాయి చెదరకుండ చూచుకొనవలెను. ఇత్తడి పసుపు బయటపడిన కాఫీలోని ఆమ్లము దానిని తాకును. తిరిగి కళాయి పెట్టించువరకు వాడరాదు. స్టీలుదానికి ఈ చింత లేదు. లోహముకంటె ముఖ్యమైనవి రెండు గలవు. మొదటిది పరిమాణము. పెద్ద ఫిల్టరులో కొంచెము పొడి వేసిన నది పలుచని పొరగా పరచుకొని, నీరు సారము తీయకయే జారిపోవును. ఇద్దరికి కాచునపుడు చిన్నది, పదిమందికి పెద్దది వాడవలెను. రెండవది చిల్లులు. కొనునపుడు పైగిన్నెను వెలుతురునకెత్తి చూడుడు. చిల్లులు సన్నముగా, సమముగా నుండవలెను.

కొలత చెప్పెదము. ఇద్దరికి 20 గ్రాముల పొడి, 120 మిల్లీలీటర్ల నీరు. పొడి తన బరువునకు సుమారు రెండింతల నీటిని పీల్చుకొనును గనుక 80 మిల్లీలీటర్ల డికాక్షను దిగును. పొడిని సమముగా సర్ది, కాడగల చిల్లుల బిళ్ళను మెల్లగా ఆన్చవలెను. బలముగా అదిమిన నీరు దిగదు. నీరు తెర్లగానే దింపి, అర నిమిషము ఆగి, మొదట పొడి తడియునంత మాత్రము పోయవలెను. పొడి పొంగి లోని వాయువు వెలువడును. మరి అర నిమిషమునకు మిగిలిన నీరు పోసి మూతపెట్టవలెను. పావుగంట నుండి యిరువది నిమిషములలో దిగిన మంచిది. ఇంతకంటె త్వరగా దిగిన పొడి ముతకది. గంటకును దిగకున్న పొడి మరీ మెత్తనిది, లేదా చిల్లులు పూడినవి. దిగిన డికాక్షనును మరల పొయ్యిమీద కాచకుడు; వేడిపాలలో కలుపుటయే సరి.

కఠినమైన నీటిని వాడు నిండ్లలో చిల్లులకు సున్నపు పొర, కాఫీ జిడ్డు పట్టి పూడును. వారమునకొకమారు నిమ్మరసము పిండిన వేడినీట గాని, చింతపండు పులుసున గాని అరగంట నానవేసి బ్రష్షుతో తోమిన పోవును. స్టీలు ఫిల్టరు నడుగును మంటపై కాల్చి చిల్లులు తెరపించు వాడుక కలదు. కళాయి పెట్టిన ఇత్తడిదానికి ఆ పని చేయకుడు. తగరము 232 డిగ్రీల వేడికే కరగిపోవును. ఇక విద్యుత్తు యంత్రమన్ననో, నీటి దోషమునకు మొదట లోబడునది అదియే. దాని గొట్టములలో పేరుకొన్న సున్నమును చేయిపెట్టి తోమలేము. నీరు బాగుపడనిదే యెంత వెల పోసినను ఫలము లేదు.

మా కథ మిగిలియున్నది. శ్రావణమాసముననే నిజము తెలిసినను, పాలామె యింటికి పోవుటకు మాకు మనసొప్పలేదు. కనబడినపుడు చెప్పవచ్చునని మూడు వారములు గడపితిమి. ఇంతలో వినాయకచవితి వచ్చినది. అక్షతలు చేతబట్టి శమంతకమణి కథ చదువుచుంటిమి. శ్రీకృష్ణుడు పాలలో చవితిచంద్రుని చూచి నీలాపనిందకు గురియైన ఘట్టమునకు రాగానే మా గొంతు ఆగినది. ఏటేట ఆ కథను కృష్ణుని పక్షముననే చదివితిమి. విచారింపక దొంగతనము మోపిన సత్రాజిత్తును గూర్చి యెన్నడు తలపలేదు. ఆయేడు మేమే సత్రాజిత్తులము.

పూజ ముగించి, ఆ సాయంకాలమే ఆమె యింటికి పోయితిమి. "తప్పు మాది. నీ పాలలో నీళ్ళు లేవు, మా నీళ్ళలోనే సున్నమున్నది" అని చెప్పితిమి. ఆమె కొంతసేపు పలుకలేదు. పిదప, "ఆ నాలుగు మాటలు ఆ రెండిళ్ళకాడ కూడా చెప్పండి అమ్మగారూ" అన్నది. చెప్పితిమి. నలుగురిలో నిందించి చాటున క్షమాపణ చెప్పుకొనుట సగము పనియే గదా! ఆ రెండిండ్లలో నొకరు వాడుక తిరిగి పెట్టుకొనిరి. రెండవవారు అప్పటికే వేరొకరిని కుదుర్చుకొంటిమనిరి. ఆ నష్టమును మేము తీర్పలేకపోతిమి. ఆమె మాత్రము మరునాడు మా వాకిట నిలిచినది. కాచి తేర్చిన నీటితో కాఫీ కలిపి యిచ్చితిమి. త్రాగి, "ఇప్పుడు మా పాలు బాగున్నయ్యా అమ్మగారూ?" అని నవ్వినది. ఆ నవ్వునకు మేము తగుదుమా యని నేటికిని అనుకొనుచుందుము.

జాబు వ్రాసిన సోదరీ! ఫిల్టరు కొనకముందు ఒక ఉదయమున రెండు గ్లాసుల కాఫీ కలుపుము: ఒకటి మీ యింటి నీటితో, ఒకటి కాచి తేర్చిన నీటితో. ఏది యేదో చెప్పక మీ అత్తగారికిమ్ము. చేతిలో రుచి యున్నదో లేదో ఆమె నాలుకయే చెప్పును. ఆమె ఒప్పుకొన్న దినమున నీవు గెలిచితినని తలపకుము. ఇద్దరును కలసి ఆ కాఫీ త్రాగుడు.

వచ్చు మాసమున వెన్న కాచుటను గూర్చి వ్రాసెదము.